జీఎం-సీఎస్‌ఎఫ్ మూడు చోట్ల నుంచి తెప్పించి చూశాం: భీమవరం పక్క ల్యాబ్ నుంచి రివ్యూ

జీఎం-సీఎస్‌ఎఫ్ అంటే కణాల్ని పెరగమని, మారమని చెప్పే సంకేత ప్రోటీన్లలో (సైటోకైన్లు) ఒకటి. జన్యువుని వేరే కణాల్లో పెట్టి తయారుచేయించి సీసాల్లో అమ్మేవి రీకాంబినెంట్ సైటోకైన్లు. ముందే చెప్పేస్తున్నా, కంపెనీల పేర్లు రాయను. ఆ డిస్ట్రిబ్యూటర్లతో రేపు మళ్లీ పనుంటుంది. పైగా ఈ రీకాంబినెంట్ సైటోకైన్ల విషయంలో ఒకే కంపెనీ సరుకైనా లాట్ (తయారీ బ్యాచ్) మారితే పనితనం మారొచ్చు, కాబట్టి పేరు చూసి కొందామనుకునేవాళ్లకి నేను పేరు చెప్పినా ఒరిగేదేమీ లేదు. సీసా కొనేముందు ఏం చూడాలో, హైదరాబాదులో కాకుండా గోదావరి జిల్లాల్లో కూర్చుని తెప్పించుకునేవాళ్లకి ఎక్కడ తేడా కొడుతుందో అది రాస్తాను.

మాది భీమవరానికి దగ్గర్లో ఒక కాలేజీలో చిన్న సెల్ కల్చర్ ల్యాబ్. ఇన్‌క్యుబేటరు, బయోసేఫ్టీ క్యాబినెట్, ఇన్‌వర్టెడ్ మైక్రోస్కోపు, ఎలైజా రీడరు, ఒక మైనస్ 80 ఫ్రీజరు, అంతే మా ఆస్తి. దాతల రక్తం నుంచి మోనోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) వేరుచేసి, జీఎం-సీఎస్‌ఎఫ్, ఐఎల్-4 (ఇంటర్‌ల్యూకిన్-4) అనే రెండు సైటోకైన్లు కలిపి సుమారు వారం పెంచితే అవి డెండ్రైటిక్ కణాలుగా (రోగనిరోధక వ్యవస్థకి శత్రువుని చూపించే కణాలు) మారతాయి. 1994లో సల్లుస్టో, లాంజావెక్కియా చూపించిన పద్ధతి, ఇప్పటికీ చాలామంది వాడేది అదే. ఐఎల్-4 ఒకే చోటు నుంచి తెచ్చుకుని, జీఎం-సీఎస్‌ఎఫ్ మాత్రం మూడు చోట్ల నుంచి తెప్పించి, ఒకే దాత కణాల మీద, కల్చర్ ప్లేటులో పక్కపక్క వెల్స్‌లో (గుంటల్లో) వేసి చూశాం. దాతలు మారితే కణాల తీరు కూడా మారుతుంది, ఇవాళ ఒకరి రక్తంతో ఒక సీసా, వచ్చే నెల ఇంకొకరి రక్తంతో ఇంకో సీసా చూసి పోల్చితే అది పోలికే కాదు.

మూడింట్లో ఒకటి బాగా ఖరీదైన ఇంపోర్టెడ్ సరుకు, ఈ.కోలి బ్యాక్టీరియాలో తయారైంది. ఇరవై మైక్రోగ్రాముల సీసా ఐదంకెల ధర. రెండోది మధ్యరకం ధర, మనిషి కణాలైన హెక్ 293లో తయారుచేసి హిస్ ట్యాగ్ (శుద్ధి సులువవ్వడానికి ప్రోటీన్ కొసన పెట్టే చిన్న తోక) తగిలించినది. మూడోది చవక. ఇది కూడా ఈ.కోలి సరుకే, ఖరీదైనదానిలో మూడో వంతు కూడా లేదు. లేబుల్ మీద మూడింటికీ ఒకే మాట, ప్యూరిటీ 95 శాతం పైనే, ఎస్‌డీఎస్-పేజ్ (ప్రోటీన్లని సైజుని బట్టి విడదీసే పద్ధతి) జెల్‌లో చూశాం అని.

ఆ 95 శాతం చూసి మురిసిపోకండి. జెల్ మీద ఒక్కటే బ్యాండ్ కనబడటం అంటే మిగతా ప్రోటీన్లు పెద్దగా లేవని, అంతవరకే. ఆ ఉన్న ప్రోటీన్ సరిగ్గా మడత పడిందా, కణం మీద రిసెప్టర్‌ని పట్టుకుని పని చేయిస్తుందా అనేది జెల్ చెప్పదు, ఎందుకంటే జెల్‌లో వేసేముందు మనమే దాన్ని ఉడకబెట్టి మడతలన్నీ విప్పేస్తాం కదా. ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా పైపొర నుంచి వచ్చే విషపదార్థం) అయితే ప్రోటీనే కాదు, కాబట్టి మామూలుగా వేసే కూమాసీ రంగుకి అది కనబడదు. ల్యాబ్‌లో మన కొంప ముంచేవి ఈ రెండే.

రొయ్య సీడు కొనేటప్పుడు పీసీఆర్ రిపోర్టు అడగని రైతు మన ఊళ్లలో ఎవరైనా ఉంటాడా? సైటోకైన్‌కి కూడా అలాంటి కాగితం ఒకటుంటుంది, సర్టిఫికెట్ ఆఫ్ అనాలిసిస్, మనం సీఓఏ అంటాం. అది మీ సీసా మీదున్న లాట్ నంబరుదే అయ్యుండాలి. వెబ్‌సైట్‌లో పెట్టిన డేటాషీట్ అందరికీ ఒకటే, అది చూపించి సీఓఏ అంటే ఒప్పుకోవద్దు. ఖరీదైనదానికి లాట్ నంబరు కొడితే కాగితం వచ్చేసింది. మధ్యదానికి డిస్ట్రిబ్యూటర్‌కి మెయిల్ పెడితే మర్నాడు పంపించారు. చవకదానికి ఎన్నిసార్లు అడిగినా "పంపిస్తామండి మేడమ్, ఆఫీసులో అడిగామండి" అనడమే, చివరికి వచ్చిన కాగితంలో బయోయాక్టివిటీ అన్నచోట "టెస్టింగ్ జరుగుతోంది" అని, ఎండోటాక్సిన్ అన్నచోట "అడిగితే చెబుతాం" అని ఉంది. మరి మేం ఇన్నాళ్లూ అడుగుతున్నది ఏంటట?

బయోయాక్టివిటీ అంకె ఎలా చదవాలో కొంచెం చెబుతాను, పీజీ పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. జీఎం-సీఎస్‌ఎఫ్‌ని సాధారణంగా టీఎఫ్-1 అనే మనిషి కణాల మీద పరీక్షిస్తారు, ఆ కణాలకి ఇది లేకపోతే బతుకు లేదు. కణాల పెరుగుదల గరిష్ఠంలో సగానికి చేరే డోసు ఈడీ50. పది లక్షలని ఆ నానోగ్రాముల అంకెతో భాగిస్తే మిల్లీగ్రాముకి ఎన్ని యూనిట్లో వస్తుంది. అంటే ఈడీ50 మిల్లీలీటరుకి 0.1 నానోగ్రాము అయితే మిల్లీగ్రాముకి కోటి యూనిట్లు. ఈడీ50 ఎంత తక్కువైతే సరుకు అంత గట్టిది. ఇవి కంపెనీ సొంత యూనిట్లా, డబ్ల్యూహెచ్‌ఓ ప్రమాణంతో సరిచూసిన అంతర్జాతీయ యూనిట్లా అన్నది కూడా చూడండి, రెండూ ఒకటి కావు.

ఇక రవాణా. వేసవిలో హైదరాబాదు నుంచి బయల్దేరిన పార్సిల్ రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి పొద్దున్నే ఇక్కడ దిగుతుంది, పార్సిల్ ఆఫీసు రేకుల షెడ్డులో ఎవరో ఒకరు గుర్తుపట్టి ఫోన్ చేసేదాకా అక్కడే. రోహిణి కార్తెలో ఆ షెడ్డు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. "మేడంగారూ, మీ మందుల పెట్టి వచ్చిందండి, లోపల ఐసంతా నీళ్లైపోయిందండి, పర్లేదాండి?" అని ఫోన్. పర్లేదు. మూడూ లయోఫిలైజ్ చేసిన (గడ్డకట్టించి ఆరబెట్టిన) పొడి రూపంలోనే వచ్చాయి, అలాంటి పొడి కొద్దిరోజుల పాటు మామూలు గది వేడిని తట్టుకుంటుందని చాలా కంపెనీలే రాసిస్తాయి. ద్రవరూపంలో డ్రై ఐసులో పంపే రకాలు కూడా ఉన్నాయి, వాటి జోలికి మాత్రం మన దగ్గర వాళ్లు పోవద్దు. డ్రై ఐసు కరిగి నీరవ్వదు, నేరుగా గాలిలో కలిసిపోతుంది, ఒక్క రోజు ఆలస్యమైతే ఖాళీ థర్మోకోల్ పెట్టె మిగులుతుంది. థర్మోకోల్ పెట్టెలకి భీమవరంలో కొదవేమీ లేదు.

సీసా తెరిచేటప్పుడు ఒక తమాషా ఉంది. ఇరవై మైక్రోగ్రాములంటే కంటికి ఆనదు. క్యారియర్ ప్రోటీన్ (తోడుగా కలిపే వేరే ప్రోటీన్) కలపని సీసాలో అడుగున పల్చటి పొరలా ఏదో ఉందా లేదా అన్నట్టుంటుంది, కొన్నిసార్లు అదీ ఉండదు. మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి సీసాని ట్యూబ్‌లైట్ కిందకి పట్టుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూసి, "మేడమ్, ఖాళీ సీసా పంపించారు, కంప్లయింట్ పెట్టేద్దామా" అంది. కంప్లయింట్ సంగతి తర్వాత, మూత తీయకముందు సెంట్రిఫ్యూజ్‌లో ఓసారి తిప్పు అన్నాను. ప్రయాణంలో ఆ పొర మూతకి అంటుకుపోయి ఉండొచ్చు, తిప్పకుండా తెరిస్తే మూతతో పాటే డబ్బులు కూడా చెత్తబుట్టలోకి. తిప్పాక, కాగితంలో చెప్పిన ద్రావణాన్నే వేయాలి. జీఎం-సీఎస్‌ఎఫ్‌కి చాలా కంపెనీలు స్టెరైల్ నీళ్లు చాలంటాయి, టీజీఎఫ్-బీటా 1కి అయితే పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావాలి, అన్నింటికీ పీబీఎస్ (ఉప్పు బఫర్) వేసేసే అలవాటు మంచిది కాదు. వేశాక వోర్టెక్స్ (ట్యూబుని గిరగిరా కుదిపే యంత్రం) పెట్టొద్దు, గోడల వెంబడి మెల్లగా తడిపి కాసేపు వదిలేయండి.

మేం రెండొందల మైక్రోలీటర్లలో కలిపాం, అంటే మిల్లీలీటరుకి వంద మైక్రోగ్రాములు. తర్వాత బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్) కలిపిన బఫర్‌తో సర్ది, ఒక్కో ట్యూబులో ఒక్కో మైక్రోగ్రాము వచ్చేలా పంచి మైనస్ 80లో పెట్టాం. మిల్లీలీటరుకి యాభై నానోగ్రాములు వాడితే ఒక ట్యూబు ఇరవై మిల్లీలీటర్ల మీడియానికి (కణాల్ని పెంచే పోషక ద్రవం) సరిపోతుంది, మొత్తం సీసా నాలుగొందల మిల్లీలీటర్లకి. ఈ లెక్క వేశాక ఐదంకెల ధర అంత భయపెట్టదు, ఒక ప్రయోగానికి అయ్యే సీరం ఖర్చు, ప్లాస్టిక్ ఖర్చు పక్కన పెట్టి చూడండి. బీఎస్‌ఏ ఎందుకంటే ఇంత పల్చగా ఉన్న ప్రోటీన్ ట్యూబు గోడలకే అంటుకుపోతుంది, ఆ గోడల్ని బీఎస్‌ఏ ముందే ఆక్రమిస్తుంది. ట్యూబు ఒకసారి కరిగించాక మిగిలింది మళ్లీ గడ్డకట్టించొద్దు. ఇంట్లో వాడే ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్ అసలొద్దు, మంచు పేరుకోకుండా అది తనంతట తనే వేడెక్కి చల్లబడుతూ ఉంటుంది. మన కరెంటు సంగతి తెలిసిందే కదా, తుఫాను పట్టిందంటే జనరేటర్ డీజిలు చూసుకోవడం కూడా ప్రోటోకాల్‌లో భాగమే.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగో రోజుకే మైక్రోస్కోపులో తేడా తెలిసిపోయింది. ఖరీదైనది, మధ్యది వేసిన వెల్స్‌లో కణాలు అడుగు వదిలేసి చిన్న చిన్న గుత్తులుగా తేలుతున్నాయి, అంచుల్లో సన్నటి పోగులు. చవకది వేసిన వెల్స్‌లో చాలా కణాలు అడుక్కి అతుక్కుని సాగిపోయి ఉన్నాయి. ఏ ప్రేరకమూ కలపని వెల్ నుంచి మీడియం తీసి టీఎన్‌ఎఫ్ (కణాలు రెచ్చిపోతే వదిలే సైటోకైన్) ఎంతుందో రంగుతో చూపే ఎలైజా పరీక్ష చేస్తే మొదటి రెండింట్లో దాదాపు ఏమీ లేదు, చవకదాంట్లో ప్లేటు పసుపెక్కిపోయింది. అంటే ఎవరూ రెచ్చగొట్టకుండానే కణాలు రెచ్చిపోయి ఉన్నాయన్నమాట.

అనుమానం ఎండోటాక్సిన్ మీదకే పోతుంది. ఈ.కోలి పైపొరలో ఉండే ఎల్‌పీఎస్ అది, బ్యాక్టీరియాని పగలగొట్టి ప్రోటీన్ తీస్తారు కాబట్టి శుద్ధి సరిగ్గా చేయకపోతే వెంట వచ్చేస్తుంది. మోనోసైట్లు దాన్ని ఎంత తక్కువలోనైనా పసిగడతాయి, మిల్లీలీటరుకి పదుల పికోగ్రాములున్నా చాలు. లెక్క చూడండి. పది ఎండోటాక్సిన్ యూనిట్లు అంటే సుమారు ఒక నానోగ్రాము ఎల్‌పీఎస్. మైక్రోగ్రాము ప్రోటీన్‌కి ఒక యూనిట్ లోపు అని రాసున్న సీసాని యాభై నానోగ్రాముల చొప్పున వాడితే మీడియంలోకి వచ్చేది మిల్లీలీటరుకి ఐదు పికోగ్రాముల లోపే, ఫరవాలేదు. అదే మైక్రోగ్రాముకి పది యూనిట్లు ఉంటే యాభై పికోగ్రాములు, ఇక మీ ప్రయోగం సైటోకైన్ గురించి కాదు, ఎల్‌పీఎస్ గురించి. 0.1 యూనిట్ లోపు అని రాసిస్తే ఇంకా నయం.

దీన్ని తేల్చుకోవడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఎల్‌ఏఎల్ కిట్ ఉంటే సరేసరి (హార్స్‌షూ క్రాబ్ రక్తంతో చేసే ఎండోటాక్సిన్ పరీక్ష ఇది, ఆ పీతల చుట్టాలు మన పక్కనే ఒడిశా తీరంలో కూడా ఉన్నాయి). లేకపోతే ఒక ట్యూబుని 95 డిగ్రీల దగ్గర అరగంట ఉడకబెట్టండి. ప్రోటీన్ చచ్చిపోతుంది, ఎల్‌పీఎస్‌కి ఆ వేడి ఒక లెక్క కాదు. ఉడికించింది వేసినా కణాలు టీఎన్‌ఎఫ్ విడుదల చేస్తున్నాయంటే దొంగ దొరికినట్టే. మేం ఉడికించాం, చవకదాంట్లో టీఎన్‌ఎఫ్ పెద్దగా తగ్గలేదు. ఎల్‌పీఎస్‌ని పట్టేసే పాలిమిక్సిన్ బి కలిపి చూస్తే బాగా పడిపోయింది. రెండూ ఒకే వైపు చూపిస్తున్నాయి, ఇంకా అనుమానపడాల్సిన పని లేదు.

ఎంటీటీతో (బతికున్న కణాలెన్నో రంగుతో చెప్పే పరీక్ష) డోసు పరీక్ష కూడా పెట్టాం, మిల్లీలీటరుకి 0.1 నుంచి 100 నానోగ్రాముల దాకా. ఖరీదైనదీ మధ్యదీ దాదాపు ఒకే డోసు దగ్గర గరిష్ఠానికి చేరి గ్రాఫులో చదునయ్యాయి. చవకది ఆ స్థాయికి రావడానికి చాలా ఎక్కువ డోసు పట్టింది. ఇక్కడ ఒక మెలిక ఉంది, ఎల్‌పీఎస్ కూడా మోనోసైట్లని చావకుండా కాపాడుతుంది, అంటే చవకదానికి వచ్చిన ఆ కాస్త మంచి మార్కుల్లో కూడా ఎండోటాక్సిన్ వాటా ఉండొచ్చు. అందుకే కణాలు బతికాయి కదా, సరుకు మంచిదే అని ఒక్క ఎంటీటీ చూసి తీర్పు చెప్పకండి.

ఇంతా చదివి ఈ.కోలి సరుకు పనికిరాదనుకోవద్దు. మా ఖరీదైన సీసా కూడా ఈ.కోలిదే. జీఎం-సీఎస్‌ఎఫ్‌కి సహజంగా చక్కెర గొలుసులు ఉంటాయి, ఈ.కోలి వాటిని పెట్టలేదు, అయినా కల్చర్‌లో చక్కగా పనిచేస్తుంది. రోగులకిచ్చే ఫిల్‌గ్రాస్టిమ్ అనే జీ-సీఎస్‌ఎఫ్ మందు కూడా ఈ.కోలిలో చేసేదే, 1991 నుంచి వాడుకలో ఉంది. శుద్ధి ఎలా చేశారన్నదే ముఖ్యం. హెక్‌లో చేసిన మధ్యదాన్ని జెల్ మీద వేస్తే బ్యాండ్ సన్నగా రాకుండా పైకి సాగి మసకగా వచ్చింది, మా పిల్లలు కల్తీ అని కంగారుపడ్డారు. కల్తీ కాదు, ఒక్కో అణువుకి ఒక్కో పొడవు చక్కెర గొలుసు, అందుకే ఆ మసక. హిస్ ట్యాగ్ వల్ల జీఎం-సీఎస్‌ఎఫ్‌లో మాకైతే ఇబ్బందేమీ కనబడలేదు, కానీ టీఎన్‌ఎఫ్ లాంటివి మూడు ముక్కలు కలిసి పనిచేసేవి, వాటికి ట్యాగ్ ఏ కొసన పెట్టారో చూసుకుని కొనండి.

మన ప్రాంతం కాబట్టి ఈ ముక్క కూడా రాయాలి. చేపల మీద పనిచేసే ల్యాబుల వాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీ దగ్గర మిగిలిన సైటోకైన్ ఉంటే శీలావతి కణాల మీదో, బొచ్చె కణాల మీదో వేసి చూస్తాం అంటారు. ఇవ్వడానికి అభ్యంతరం లేదు కానీ దండగండీ. మనిషి జీఎం-సీఎస్‌ఎఫ్ ఎలుక కణాల మీదే పనిచేయదు, ఐఎల్-4, ఇంటర్‌ఫెరాన్ గామా కూడా అంతే. మనిషి ఐఎల్-2, ఐఎల్-6 ఎలుక కణాల మీద పనిచేస్తాయి, ఎలుక ఐఎల్-6 మాత్రం మనిషి కణాల మీద పనిచేయదు. ఎలుక దగ్గరే ఇన్ని పేచీలుంటే చేప ఇంకెంత దూరం? ఆ జాతి జన్యువుతో చేసిన ప్రోటీన్ దొరికితేనే పెట్టుకోవాలి. ఇక రొయ్య రక్తకణాల మీద మనిషి ఇంటర్‌ల్యూకిన్ వేసి ఇమ్యూనిటీ పెరిగిందని ఎవరైనా గ్రాఫ్ చూపిస్తే, ముందు ఎండోటాక్సిన్ ఎంతుందని అడగండి. ఆక్వా షాపుల్లో ఇమ్యూనిటీ బూస్టర్ డబ్బాలు ఇప్పటికే చాలా ఉన్నాయి, ఇంకోటి చేర్చక్కర్లేదు.

డబ్బులు తక్కువున్న ల్యాబులకి ఇంకో దారి. ఎలుక మాక్రోఫేజ్‌లు (క్రిముల్ని మింగే కణాలు) పెంచేవాళ్లు వాటికి కావలసిన సైటోకైన్ ఎం-సీఎస్‌ఎఫ్ కొనకుండా ఎల్929 అనే ఎలుక కణాలు పెంచి, వాటి మీద తేరిన మీడియం వాడుకోవచ్చు, ఆ కణాలు ఎం-సీఎస్‌ఎఫ్‌ని వాటంతట అవే విడుదల చేస్తాయి. ఆ కణాల్ని పుణెలోని ఎన్‌సీసీఎస్ (జాతీయ కణ విజ్ఞాన కేంద్రం) నుంచి తెప్పించుకోవచ్చు. అవే ఎల్929 కణాల మీద యాక్టినోమైసిన్ డి కలిపి టీఎన్‌ఎఫ్ సీసాల పనితనం కూడా పరీక్షించుకోవచ్చు. ఇబ్బంది ఏంటంటే ఆ మీడియంలో ఎం-సీఎస్‌ఎఫ్ ఒక్కటే ఉండదు, ఇంకా ఏమేం ఉన్నాయో, ప్రతి బ్యాచ్‌లో ఎంతెంత ఉన్నాయో తెలియదు. 1976లో అమెరికాలో రాబర్ట్ గాలో ల్యాబ్‌లో ఐఎల్-2 బయటపడ్డప్పుడు కూడా టీ కణాల్ని పెంచింది ఇలాంటి మిశ్రమమే, 1983లో జపాన్‌లో తనిగుచి బృందం దాని జన్యువుని క్లోన్ చేశాక గానీ ఒక్క ప్రోటీన్‌గా సీసాలో దొరికే దారి పడలేదు. కణాలు పెరిగితే చాలనుకునే పనికి ఎల్929 మీడియం హాయిగా సరిపోతుంది. ఫలానా సైటోకైన్ వల్లే ఇది జరిగింది అని రాయాలంటే మాత్రం రీకాంబినెంటే కొనాలి.

మార్కులు అడుగుతారు కాబట్టి: ఖరీదైనదానికి ఐదుకి నాలుగు. ఆ ఒక్కటి ఎందుకు కోశానంటే ఐదు మైక్రోగ్రాముల చిన్న సీసా వాళ్ల కేటలాగులో ఉన్నా డిస్ట్రిబ్యూటర్ తెప్పించడు, పెద్దదే కొనమంటాడు. మధ్యదానికి కూడా నాలుగే, మోనోసైట్ల పనికి ఇప్పుడు మా ఓటు దీనికే, ధరకీ పనికీ లంకె కుదిరింది. చవకదానికి రెండు. వెస్టర్న్ బ్లాట్‌లో (యాంటీబాడీతో ప్రోటీన్‌ని గుర్తుపట్టే పరీక్ష) పాజిటివ్ కంట్రోల్‌గా వేసుకోవడానికి అది చాలు, యాంటీబాడీ దాన్ని బాగానే పట్టింది, మిగిలిన ట్యూబులన్నీ ఆ పనికే పక్కన పెట్టాం. బతికున్న కణాల మీద మాత్రం వేయం.

డిస్ట్రిబ్యూటర్‌కి ఈసారి పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించాను: లాట్ నంబరు, దాని సీఓఏ మెయిల్‌లో వచ్చాకే ఆర్డర్ ఖాయం, ఎండోటాక్సిన్ అంకె లేని సీసా తిప్పి పంపేస్తాం, పార్సిల్ సోమవారం గానీ మంగళవారం గానీ బయల్దేరాలి, శనివారం రాత్రి బస్సుకి ఎక్కించొద్దు. మొదట్లో సణిగాడు, తర్వాత ఒప్పుకున్నాడు. అదే లాట్‌లో ఇంకో సీసా మా పేరున ఆపి ఉంచమని కూడా అడిగాను, దానికీ సరే అన్నాడు. మీరూ అడగండి, అడిగితే ఇస్తున్నారు.